ఆర్ఫియస్ ఎందుకు వెనక్కి చూశాడు? 40 నిమిషాల తెలుగు నాటకానికి ఏ కథనం పట్టుకోవాలి?

నాంపల్లి నేపథ్యం

అందరికీ నమస్కారం. గ్రీకుల ఆర్ఫియస్, యురిడిసీ కథను తెలుగులో 40 నిమిషాల నాటకంగా కడుతున్నాం. ఐదుగురు నటులు, ఒక గాయని, ఒక మృదంగం, ఒక వయొలిన్. వేదిక రవీంద్రభారతి లాంటి పెద్ద హాలు కాదు, లామకాన్ లాంటి ఆరుబయలు జాగా. ముందు వరసలో కూర్చున్నవాళ్లకు నటుడి చెమట కూడా కనిపిస్తుంది.

కథ క్లుప్తంగా ఇది. పెళ్లయిన కొత్తలోనే యురిడిసీ పాము కాటుకు చనిపోతుంది. ఆర్ఫియస్ బతికుండగానే మృత్యులోకానికి దిగి, పాటతో అక్కడి రాజును, రాణిని కరిగిస్తాడు. వెలుగులోకి వచ్చేదాకా వెనక్కి చూడకూడదన్న షరతు మీద ఆమెను పంపుతారు. చివరి అడుగులో చూస్తాడు. ఆమె మళ్లీ పోతుంది.

చిక్కంతా ఆ చూపు దగ్గరే. రిహార్సల్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతున్నారు. అరిస్టయస్ అనేవాడు ఆమెను తరిమాడని రోమన్ కవి ఓవిడ్ రాశాడు కాబట్టి, ఆర్ఫియస్‌కి అనుమానం ఉందని ఒకరంటే, ఏదో చప్పుడు విని తిరిగాడని ఇంకొకరు అంటున్నారు. అడగాలనుకున్నవి ఇవి: ఏ మూలం పట్టుకోవాలి? మృత్యుదేవతను యముడిగా మార్చవచ్చా? ఆర్ఫియస్ వాయించే తీగల వాద్యం లైర్‌ను వీణ అనవచ్చా? ఆమె పోయాక వచ్చే పాటకు ఏ రాగం? అన్నిటికన్నా ముఖ్యం, ఆ తిరగడాన్ని ఇంత చిన్న వేదిక మీద ఎలా చూపాలి?

తార్నాక చదువరి

ముందుగా ఒక సవరణ. అరిస్టయస్ తరమడం ఓవిడ్‌లో లేదండీ, ఇంకో రోమన్ కవి వర్జిల్‌లో ఉంది. ఈ ఇద్దరినీ కలిపేయడం వల్లే ఈ కథ మీద సగం గందరగోళం. విడివిడిగా చూడండి.

వర్జిల్ ఈ కథను తన వ్యవసాయ కావ్యం ‘జార్జిక్స్’ నాలుగో భాగం చివర, 453 నుంచి 527వ పంక్తి దాకా, సుమారు 75 పంక్తుల్లో చెప్పాడు. కావ్యం పూర్తయింది క్రీ.పూ. 29 ప్రాంతంలో. తేనెటీగలు పెంచే అరిస్టయస్ పట్టులన్నీ చచ్చిపోతాయి. ఎందుకని అడిగితే, నువ్వు తరిమిన యురిడిసీ గడ్డిలో పామును చూడక చనిపోయింది, ఆ పాపం ఇది అని జవాబు. అంటే ఈ ప్రేమకథ అక్కడ ఒక ఉపకథ. షరతు పెట్టింది రాణి ప్రాసర్పినా. వెలుగు అంచుకు చేరాక ఆర్ఫియస్‌ను హఠాత్తుగా ఉన్మాదం ఆవహిస్తుంది. ‘క్షమించదగిన తప్పే, పాతాళానికి క్షమించడం తెలిసి ఉంటే’ అంటాడు కవి. పాతాళంలోని అవెర్నస్ మడుగుల్లో మూడుసార్లు ఉరుము వినిపిస్తుంది. ఆ తర్వాత యురిడిసీ ఐదు పంక్తులు మాట్లాడుతుంది: నన్నూ నిన్నూ నాశనం చేసిన ఈ పిచ్చి ఏమిటని. ఆమె అతన్ని నిలదీస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, నాటకంలో ఇదే పనికొస్తుంది.

ఓవిడ్ క్రీ.శ. 8 ప్రాంతంలో ‘మెటమార్ఫసెస్’ పదో భాగం మొదట్లో ఇదే కథ ఎత్తుకుని, వర్జిల్ చెప్పిన ప్రతిదాన్నీ కావాలని పక్కకు తిప్పాడు. తరిమేవాడు లేడు, నవవధువు చెలికత్తెలతో గడ్డిలో నడుస్తుంటే పాము చీలమండ మీద కాటేస్తుంది. పెళ్లి దేవత కాగడా అప్పటికే సరిగ్గా వెలగక పొగలు చిమ్ముతూ ఉంది. వర్జిల్‌లో ఆర్ఫియస్ పాతాళంలో ఏం పాడాడో చెప్పడు. ఓవిడ్ ఆ పాట మొత్తం ఇస్తాడు, అది దాదాపు వకీలు వాదనలా నడుస్తుంది. మేమంతా ఎప్పటికైనా మీ దగ్గరికే వస్తాం, ఈమెను దానంగా అడగడం లేదు, వాడుకకు మాత్రమే అడుగుతున్నాను అంటాడు. తెలుగులో దీనికి ‘చేబదులు’ కన్నా మంచి మాట లేదు. మిమ్మల్ని కలిపింది కూడా ప్రేమే కదా అని రాజుకు ఆ పాత అపహరణను గుర్తు చేస్తాడు. అక్కడ శాశ్వత శిక్ష అనుభవిస్తున్నవాళ్లలో ఇక్సియన్ చక్రం ఆగుతుంది, సిసిఫస్ తన బండ మీదే కూర్చుంటాడు. పగ తీర్చే దేవతలైన ఫ్యూరీల చెంపలు మొదటిసారి తడుస్తాయి.

వెనక్కి చూడటానికి ఓవిడ్ ఇచ్చిన కారణాలు రెండు: ఆమె ఎక్కడ సొమ్మసిల్లుతుందో అన్న భయం, చూడాలన్న ఆత్రం. యురిడిసీ ఒక్క ‘సెలవు’ మాత్రం అంటుంది, అదీ అతనికి సరిగ్గా వినిపించదు. తనను ప్రేమించాడన్నది తప్ప ఇంకే ఫిర్యాదు చేయగలదు అని కవే అడుగుతాడు. వర్జిల్ ఆమె నిలదీసేలా రాస్తే ఓవిడ్ ఆమె నోరు మూశాడు. తర్వాతి రెండు వేల ఏళ్ల సాహిత్యం, సంగీతం చాలావరకు ఈ ఇద్దరిలో ఎవరో ఒకరి పక్షం.

మూడో గొంతు ప్లేటోది, వీళ్లిద్దరికన్నా ముందుది. ‘సింపోజియం’లో ఫీడ్రస్ అనే పాత్ర అంటాడు: దేవతలు ఆర్ఫియస్‌కి ఆమెను ఇవ్వలేదు, ఆమె నీడను చూపించి పంపేశారు. కారణం, భర్త కోసం ఆల్సెస్టిస్ చచ్చినట్టు ఇతను చావడానికి సిద్ధపడలేదు, పాటగాడి మెతకతనంతో బతికుండగానే లోపలికి దూరే ఉపాయం చేశాడు. అక్కడ చూపు ప్రసక్తే లేదు.

ఇక్కడే మన రురువు గుర్తొస్తాడు. ఆదిపర్వంలో ప్రమద్వర కూడా పెళ్లికి కొద్ది రోజుల ముందు పామును తొక్కి చనిపోతుంది. నీ ఆయుష్షులో సగం ఇస్తావా అని దేవదూత అడిగితే రురువు వెంటనే ఇచ్చేస్తాడు. ఆమె లేచి కూర్చుంటుంది. ప్లేటో అడిగిన ధర అతను చెల్లించాడు, కనుక షరతు అక్కర్లేకపోయింది. రెండు కథలకూ పుట్టుక సంబంధం ఉందని నేననను. కానీ తెలుగు ప్రేక్షకుడి మనసులో ప్రమద్వర, సావిత్రి ముందే ఉన్నారు. ‘మీవాడు ఏమిచ్చాడు?’ అని వాళ్లు లోలోపల అడుగుతారు. స్క్రిప్టు దానికి సిద్ధంగా ఉండాలి. సావిత్రిని యముడు పదే పదే వెనక్కి మళ్లమంటాడు, ఆమె మళ్లదు. ఇక్కడ వద్దంటే ఇతను మళ్లాడు.

మంద్రస్థాయి

సంగీతం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం, ఆపెరా అనే రూపమే ఈ కథ మీద కాళ్లూనుకుంది.

ఇప్పటికి స్వరాలతో సహా దొరుకుతున్న తొలి ఆపెరా యాకొపో పేరి ‘ఎఉరిదీచె’. 1600 అక్టోబర్ 6న ఫ్లోరెన్స్‌లో, ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీకి మరియా దె మెదీచీతో జరిగిన పెళ్లి వేడుకల్లో పాడారు. పెళ్లింట్లో పెళ్లికూతురు రెండోసారి చచ్చిపోతే ఎలా? అందుకని షరతే తీసేశారు. ఇద్దరూ హాయిగా ఇంటికొస్తారు.

1607లో మాంటువాలో మాంటెవెర్డి ‘ఓర్ఫేఓ’. మీవాళ్లు చెప్పిన చప్పుడు ఇక్కడిది. ఆమె నిజంగా వస్తోందా అని అప్పటికే లోపల పురుగు తొలుస్తోంది. అంతలో వెనక చప్పుడవుతుంది, ఫ్యూరీలు ఆమెను లాక్కుపోతున్నారేమోనని తిరుగుతాడు. ముగింపులు కూడా రెండు. 1607లో అచ్చయిన మాటల పుస్తకంలో మద్యదేవత భక్తురాళ్లు విరుచుకుపడతారు. 1609లో అచ్చయిన స్వరప్రతిలో అపోలో దిగి వచ్చి కొడుకును ఆకాశానికి తీసుకుపోతాడు.

మీ గాయని తప్పకుండా వినాల్సింది మూడో అంకంలోని ‘పొసెంతె స్పిర్తో’. పడవవాడు కారోన్‌ను దాటించమని వేడుకునే పాట. అచ్చుప్రతిలో గాత్రానికి రెండు వరసలు ఒకదాని కింద ఒకటి ఇచ్చారు: సాదా వరస, దానికి గమకాలూ జారులూ పూర్తిగా విప్పిన వరస. మన సంగతులను కాగితం మీద పెట్టినట్టే ఉంటుంది. ఇంత పాడినా కారోన్ కరగడు, నిద్రపోతాడు! అతను కునుకు తీస్తుంటే ఓర్ఫేఓ పడవ ఎక్కుతాడు. విద్వత్తు గెలవలేదు, జోల గెలిచింది. నాటకంలో ఈ ఘట్టం మూడు నిమిషాలు పెట్టుకోగలిగితే పెట్టుకోండి. ఆలాపన మొదట తళతళలాడుతూ రావాలి, పని చేయదు. తర్వాత ఒక్క లాలి.

రాగం ప్రశ్నకు జవాబు స్వరకర్త గ్లుక్ దగ్గర ఉంది. 1762 అక్టోబర్ 5న వియన్నాలో వచ్చిన ‘ఓర్ఫేఓ ఎద్ ఎఉరిదీచె’లో, ఆమె రెండోసారి పోయాక అతను పాడే ‘కె ఫరో’ సి మేజర్‌లో ఉంది. స్వరస్థానాలు చూస్తే మన ధీరశంకరాభరణం మెట్లు. ఇంత ఘోరానికి ఇంత ప్రశాంతమైన స్వరాలా అని అప్పటి నుంచీ వాదన. ఇదే బాణీకి ‘దొరికింది నా యురిడిసీ’ అని మాటలు మార్చినా సరిపోతుందని వియన్నా విమర్శకుడు హాన్స్‌లిక్ 1854లో ఎత్తి చూపాడు. నిజమే. కానీ సరిగ్గా పాడితే ఆ ప్రశాంతతే గుండెను పట్టేస్తుంది, ఎందుకంటే ఏడుపు అయిపోయి మాటలు మాత్రమే మిగిలిన మనిషి పాడుతున్నట్టు ఉంటుంది. దుఃఖం అనగానే ముఖారి, శుభపంతువరాళి ఎత్తుకోకండి. శంకరాభరణంలోనే, గాంధారం మీద నిలబడి, విలంబంలో, గమకం తగ్గించి పాడించి చూడండి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కాలం కాస్త పెరిగినా అది పెళ్లిపాట అయిపోతుంది.

లైర్‌ను వీణ అనకండి. లైర్‌కు మెట్లు లేవు, దండి లేదు. చట్రానికి బిగించిన తీగలు, ఎక్కువగా ఏడు. ఒక్కో తీగకు ఒక్కటే స్వరం. వేలితో లాగి గమకం పలికించే వీలే లేదు. వీణ అనగానే ప్రేక్షకుడికి సరస్వతి, త్యాగరాజు కాలపు కచేరీ గుర్తొస్తాయి. స్వరమండలం దగ్గరగా ఉంటుంది. అందులో ఏడు తీగలు మాత్రం శ్రుతి చేసి మిగతావాటిని గుడ్డతో కప్పేయండి. అమరావతి శిల్పాల్లో కనిపించే వంపు వీణ ఆకారం తీసుకుని అట్టతో బొమ్మ చేయించుకోవచ్చు. అది హార్ప్ జాతి, లైర్ కాదు, కానీ చూసేవాళ్లకు మన నేల వాద్యంలా అనిపిస్తుంది.

తెరవెనుక

యముడు వద్దు. మన సినిమాల్లో యముడు దశాబ్దాలుగా నవ్వించే పాత్ర. కిరీటం, మీసం కనిపించగానే ముందు వరసలో నవ్వు మొదలవుతుంది, ఆ తర్వాత ఎంత పాడినా దాన్ని వెనక్కి లాగలేరు. పైగా గ్రీకుల మృత్యురాజు హేడీస్ తీర్పరి కాదు. పాపపుణ్యాలు చూడటానికి మైనాస్ వంటివాళ్లు వేరే ఉన్నారు. అతను లోకానికి యజమాని, అంతే. రాజు, రాణి ఇద్దరినీ కదలకుండా కూర్చోబెట్టి, మాటలు రాణి చేత చెప్పించండి. షరతు పెట్టింది వర్జిల్‌లో ఆమే కదా. ఆమెను కూడా రాజు ఎత్తుకొచ్చినవాడే కాబట్టి ఆమె నోట ఆ మాట బరువుగా ఉంటుంది.

షరతును మాత్రం ఒక్క ముక్క కూడా వివరించకండి. ఇది గ్రీకులకన్నా మనకే బాగా తెలుసు. శ్మశానంలో కుండ పగిలి, నిప్పు పెట్టాక కర్త వెనక్కి చూడకుండా నడిచి వచ్చేస్తాడు. ‘వెనక్కి చూడకు’ అన్న రెండు మాటలు చాలు, మొత్తం ప్రేక్షకులకు ఒళ్లు జలదరిస్తుంది. స్క్రిప్టులో దీనికి పేజీ రాసి ఉంటే కొట్టేయండి.

నడక గురించి. వేదిక అడ్డంగా, ఎడమ నుంచి కుడికి నడిపించడం మామూలుగా అందరూ చేసే పొరపాటు. అలా చేస్తే ఇద్దరూ పక్కవాటుగా కనిపిస్తారు, అతను తిరిగినప్పుడు పెద్దగా ఏమీ మారదు. వెనక గోడ నుంచి నేరుగా ప్రేక్షకుల వైపు నడిపించండి. అతను ముందు, ఆమె నాలుగడుగుల వెనక. అప్పుడు ప్రేక్షకులకు ఇద్దరి ముఖాలూ కనిపిస్తాయి, అతనికి మాత్రం ఆమె కనిపించదు. వాళ్లకు తెలిసిందల్లా అతనికి తెలియదు. ఇక తిరిగిన క్షణాన ఏమవుతుందో చూడండి: కథానాయకుడి ముఖం మనకు పోతుంది, వీపు మిగులుతుంది. ఆమె ముఖం ఒక్కటే వెలుగులో ఉంటుంది. వర్జిల్ ఆ ఐదు పంక్తులు ఆమెకు ఎందుకిచ్చాడో వేదికే చెప్పేస్తుంది.

లోతు తక్కువైతే దారిని మూడు మలుపులుగా విరవండి, చివరి మలుపు మాత్రం తిన్నగా ముందుకు. నటుడు ఎక్కువగా చేసే తప్పు, తిరగబోతున్నానని మూడు క్షణాల ముందే మెడ బిగించడం. ముందు వరసకు అది తెలిసిపోతుంది. చివరి పది అడుగులు అతనికి ఇంకో పని పెట్టండి, అడుగులు లెక్కపెట్టడమో, స్వరమండలం తీగ సరిచేయడమో.

ఆరుబయట పూర్తి చీకటి రాదు. ఏడు గంటలకు కూడా పైన నగరం వెలుగు ఉంటుంది. లైటు ఆపి ఆమెను మాయం చేద్దామనుకుంటే, నటి చెప్పులు చేత్తో పట్టుకుని పక్కకు వెళ్లడం అందరూ చూస్తారు. ఆమె మాయం కాకూడదు. ఇంకో దారి వెతకండి.

చిత్తరువు

ఆ ఇంకో దారి రాతిలో ఉంది. క్రీ.పూ. ఐదో శతాబ్దం చివరి నాటి గ్రీకు ఉబ్బెత్తు శిల్పం ఒకటి, రోమన్ కాలపు నకళ్లుగా దొరికింది. మంచి నకలు నేపుల్స్ మ్యూజియంలో ఉంది, ఇంకొకటి పారిస్ లూవర్‌లో. ముగ్గురు నిలబడి ఉంటారు. ఆర్ఫియస్ అప్పటికే తిరిగాడు, ఆమె మేలిముసుగు తొలగిస్తున్నాడు. ఆమె ఎడమ చెయ్యి అతని భుజం మీద ఉంది. ఆత్మలను తోడ్కొనిపోయే హెర్మీస్ ఆమె కుడి చేతిని మెల్లగా పట్టుకున్నాడు. అరుపు లేదు, పరుగు లేదు. మూడు చేతులు మాత్రమే కథ చెబుతాయి. మీ ఐదుగురిలో ఒకరు హెర్మీస్ కావాలి. ఆమె మాయం కాదు, అతను చెయ్యి పట్టుకుని నడిపించుకుని వెనక్కి తీసుకుపోతాడు. ప్రేక్షకులు చూస్తుండగానే.

జర్మన్ కవి రిల్కే ఈ ముగ్గురి పేర్లనే శీర్షికగా పెట్టి 1904లో ఒక కవిత రాశాడు. అందులో ఆర్ఫియస్ చూపు కుక్కలా ముందుకు పరుగెత్తి, తిరిగొచ్చి, మళ్లీ మలుపులో ఎదురుచూస్తుంది. వినికిడి మాత్రం వాసనలా వెనకే ఉండిపోతుంది. యురిడిసీ అప్పటికే వేరైపోయింది, చెట్టు వేరు. ‘అతను తిరిగాడు’ అని హెర్మీస్ బాధగా చెబితే ఆమెకు అర్థం కాదు, మెల్లగా ‘ఎవరు?’ అంటుంది. నా దృష్టిలో ఈ కథకు ఇరవయ్యో శతాబ్దం చేర్చిన అతి గొప్ప ఒక్క మాట ఇదే. అతను ఎందుకు తిరిగాడన్న ప్రశ్నను పక్కకు నెట్టి, ఆమెకు రావాలని ఉందా అని రిల్కే అడిగాడు. 1917లో అమెరికన్ కవయిత్రి హెచ్.డి. కవితలో యురిడిసీ నేరుగా కోపంతో మాట్లాడుతుంది. 1999లో బ్రిటిష్ కవయిత్రి కరోల్ ఆన్ డఫీ యురిడిసీ అయితే, అతని కవిత్వాన్ని పొగిడి కావాలనే తనవైపు తిప్పుకుంటుంది, తప్పించుకోవడానికి.

మేలిముసుగు ఎలా ఉండాలో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్లండి. బెంజోనీ చెక్కిన ‘వెయిల్డ్ రెబెకా’ బైబిలు పాత్ర, ఈ కథకు సంబంధం లేదు. 1876లో మొదటి సాలార్ జంగ్ రోమ్ నుంచి తెచ్చిన పాలరాయి. తడిసిన బట్టలా ముసుగు ముఖానికి అంటుకుని, కళ్లు, ముక్కు దాని కిందే తెలుస్తుంటాయి. కాస్ట్యూమ్ చేసేవాళ్లను అక్కడ అరగంట నిలబెట్టండి. మందపాటి బట్ట వేస్తే ముఖం పోతుంది. నెట్ వేస్తే దీపం వెలుగులో తళుక్కుమని పెళ్లికూతురి మేకప్ అయిపోతుంది. సన్నని మల్లు బట్టను గంజి పెట్టకుండా వాడితే సరిగ్గా పడుతుంది.

చిత్రకారులలో చాలామంది తిరిగే క్షణం జోలికి పోలేదు. 1650 ప్రాంతంలో పూసాన్ గీసిన ప్రకృతి దృశ్యంలో ఆర్ఫియస్ హాయిగా పాడుతున్నాడు, పక్కనే యురిడిసీ పామును చూసి ఉలిక్కిపడుతోంది, ఎవరూ గమనించలేదు, చేపలు పట్టేవాడు ఒక్కడు తప్ప. కళాకారుడు తన పాటలో మునిగి ఉండగా భార్య పోతుందన్న మాట ఎంత కఠినమో చూడండి. మీ మొదటి దృశ్యానికి ఇది సరిగ్గా సరిపోతుంది. కోరో 1861లో పొగమంచు పట్టిన అడవిలో ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు వేశాడు. గుస్తావ్ మొరో 1865లో అన్నీ అయిపోయాక, ఒక అమ్మాయి ఆర్ఫియస్ తెగిన తలను లైర్ మీద పెట్టుకుని చూస్తున్నట్టు వేశాడు. కింద మూలలో తాబేళ్లు. మొదటి లైర్ తాబేటి డిప్పతోనే కదా.

పాత రోమన్ మొజాయిక్‌లలో జంతువుల మధ్య వాద్యంతో కూర్చున్నవాణ్ణి చూసి అపోలో అనుకోకండి. ముందుకు వంగిన కొస ఉన్న ఫ్రిజియన్ టోపీ ఉంటే ఆర్ఫియస్. కిరీటం ఉంటే దావీదు కావచ్చు. డాల్ఫిన్ మీద ఉంటే అరియాన్ అనే ఇంకో గాయకుడు.

నాంపల్లి నేపథ్యం

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. యముడు పోయాడు, వీణ పోయింది, షరతు మీది పేజీ కొట్టేశాం, హెర్మీస్ వచ్చాడు. మేలిముసుగు చూడటానికి ఆదివారం మ్యూజియానికి వెళ్తాం.

చూపుకు కారణం విషయంలో ఒక ఆలోచన. సాక్షి గోపాలుడి కథ మనవాళ్లందరికీ తెలుసు. స్వామి భక్తుడి వెనక నడుస్తానంటాడు, నువ్వు వెనక్కి చూడకూడదంటాడు, అందెల చప్పుడే గుర్తు. ఇసుకలో చప్పుడు ఆగుతుంది, భక్తుడు తిరుగుతాడు, స్వామి అక్కడే శిల. యురిడిసీకి పట్టీలు పెట్టి, చప్పుడు ఆగగానే ఆర్ఫియస్ తిరిగితే? మాంటెవెర్డి చప్పుడు విని తిప్పాడు, మేం చప్పుడు ఆగి తిప్పుతాం.

తార్నాక చదువరి

అందంగా ఉంది, కానీ రెండు చిక్కులు. సాక్షి గోపాలుడి కథలో తిరగడం వల్ల ఎవరికీ నష్టం లేదు, ఆ ఊరికి గుడి దక్కింది. అదే గుర్తు తెస్తే ప్రేక్షకుడు ఇక్కడ కూడా ఏదో అనుగ్రహం కోసం చూస్తాడు. రెండోది ఇంకా పెద్దది. చప్పుడు ఆగడం వల్ల తిరిగితే తప్పు అతనిది కాదు, పరిస్థితిది. మాంటెవెర్డి చేసింది కూడా సగం అదే, నిందను బయటికి పంపడం. ఆఫెన్‌బాక్ 1858లో ఇదే దారిలో చివరిదాకా వెళ్లి, జూపిటర్ పిడుగు వేసి మరీ అతన్ని తిప్పేలా రాశాడు. అది హాస్య ఆపెరా కాబట్టి చెల్లింది. వర్జిల్ మాట ‘క్షమించదగిన తప్పు’. క్షమించదగినదైనా తప్పే, అతనిదే. యురిడిసీ చేత ఆ ఐదు పంక్తులు పలికించాలనుకుంటే, నిలదీయడానికి తప్పు అతని చేతిలో ఉండాలి కదా.

మధ్యయుగాల్లో తత్వవేత్త బొయీథియస్ (524 ప్రాంతం) ఆ చూపుకు నీతి అర్థం కట్టాడు: వెలుగు వైపు వెళ్తూ చీకటిని తిరిగి చూసిన మనసు పొందినదంతా పోగొట్టుకుంటుందని. ప్రేమికులకు చట్టం ఎవరు పెట్టగలరు అని కూడా అక్కడే రాశాడు. 1330లలోని ఆఖిన్‌లెక్ రాతప్రతిలో దొరికే ఆంగ్ల కావ్యం ‘సర్ ఓర్ఫేఓ’ కవి ఈ తలనొప్పే వద్దని చూపును పూర్తిగా తీసేశాడు. రాజు పదేళ్లు అడవిలో తిరిగి, అప్సరసల రాజు దగ్గర పాడి, రాణిని ఇంటికి తెచ్చుకుంటాడు. కాబట్టి మార్చడం తప్పు కాదు. మార్చినప్పుడు ఏం పోతుందో తెలిసి మార్చాలి.

మంద్రస్థాయి

పట్టీలు మాత్రం వదలకండి! ఓవిడ్‌లో ఒక చిన్న మాట ఉంది. మృత్యులోకంలో యురిడిసీని పిలిచినప్పుడు ఆమె గాయం వల్ల నెమ్మదిగా నడుస్తూ వస్తుంది. కాటు పడింది చీలమండ మీద. అంటే పట్టీ ఉండే చోటే. కాటు పడ్డ కాలికి మాత్రం పట్టీ పెట్టి, రెండో కాలు వట్టిగా ఉంచండి. కుంటి నడక చప్పుడు దానంతటదే వస్తుంది: ఒక మోత, ఒక ఖాళీ, ఒక మోత. మృదంగం ఆ నడకలో అసలు వాయించకూడదు. నర్తకి కట్టే గజ్జెల వరస వద్దు, అది ఈ జాగాకు చెవులు చిల్లులు పడే మోత. పది మువ్వలున్న మామూలు వెండి పట్టీ చాలు, ముందు రోజు సాయంత్రం అదే స్థలంలో చివరి వరసలో కూర్చుని విని చూసుకోండి. ఓవిడ్ దారిని మూగ నిశ్శబ్దం అన్నాడు, కాబట్టి చప్పుడు ఎంత తక్కువైతే అంత మంచిది.

తెరవెనుక

అయితే చిక్కు విడిపోయిందనుకుంటా. పట్టీ ఆగకూడదు.

ఫ్రెంచ్ దర్శకుడు కాక్టో 1950 సినిమాలో ఆర్ఫే (అంటే ఆర్ఫియసే) కారు అద్దంలో అనుకోకుండా చూస్తాడు. 1959లో మార్సెల్ కాము ‘బ్లాక్ ఆర్ఫియస్’లో, రియో కార్నివాల్ మధ్య, ఒక పూజలో వృద్ధురాలి నోట యురిడిసీ గొంతు విని తిరుగుతాడు. రెండూ గొప్పగా ఉంటాయి, కానీ రెండిటిలోనూ ఏదో ఒకటి అతన్ని తిప్పుతుంది. మీరు ఏమీ లేకుండా తిప్పండి. మోత, ఖాళీ, మోత, ఖాళీ అని క్రమంగా వస్తూనే ఉండాలి. ఆమె వస్తోందని అతనికీ తెలుసు, ప్రేక్షకులకీ తెలుసు. అనుమానానికి చోటు లేదు. అయినా తిరుగుతాడు. ఓవిడ్ మాటలో అతను తిప్పింది కళ్లు. కాబట్టి మడమ మీద గిర్రున తిరగనివ్వకండి. ముందు కళ్లు, తర్వాత ముఖం, చివర భుజం.

నిమిషాల లెక్క ఇలా వేసుకోండి: పెళ్లి, పాము 6. కారోన్ 3. దర్బారు 10. నడక 9, అందులో మొదటి రెండు మలుపులకు 5, చివరి తిన్నని దారికి 4. ఆమె మాటలు, హెర్మీస్ తీసుకుపోవడం 4. శంకరాభరణం పాట 6. మిగిలిన రెండు నిమిషాలూ ఎక్కడా నింపకండి, పాటకు ముందు నిశ్శబ్దానికి కావాలి. మూడు ఉరుములు మృదంగం తొప్పి మీద, ఒక్కోదానికీ మధ్య మూడు శ్వాసలు.

చిత్తరువు

ఒక్క చేర్పు. అతను తిరిగిన క్షణంలో ఆమె ఆగకూడదు. ఆమెకు ఇంకా తెలియదు కదా, రిల్కే ‘ఎవరు?’ అన్నది అందుకే. అతని కళ్లు ఆమె మీద పడ్డాక కూడా పట్టీ రెండుసార్లు మోగాలి. మూడో అడుగుకు కాలు లేచినప్పుడు హెర్మీస్ చెయ్యి పట్టుకుంటాడు, ఆ కాలు నేల మీద ఆనేది వెనక్కి తిరిగాకే.